రెండున్నర పౌండ్లు

ఉదయగిరి ఘాటీ నాలుగో మలుపులో
నా జీపు ప్రతి వేసవీ చచ్చిపోయేది.
వెనక పన్నెండు మంది,
అనాస బుట్టలు, పసుపు మూటలు,
కాళ్లు కట్టిన రెండు కోళ్లు.
అందరూ దిగి నీడ వెతుక్కునేవారు.
ఎవరూ ఏమీ అనేవారు కాదు.
నువాగడ సంతకు పోయేవాళ్లకి
ఆ మలుపూ ఒక స్టాపే.

బానెట్ ఎత్తి
పంపు నెత్తిన తడిగుడ్డ వేసేవాణ్ణి
జ్వరమొచ్చిన పిల్లకి వేసినట్టు.
ఇంజను సెగకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై
బుడగలు మింగి పంపు ఆయాసపడేది.
పావుగంటకి గుడ్డ ఆరేది, జీపు లేచేది.

ఈ ఏడు గుడ్డ ఆరింది,
జీపు లేవలేదు.
ఆయిల్ పుల్ల లాగి వాసన చూశాను:
పెట్రోలు.
పంపులో పొర చిరిగి
నూనెలోకి కారుతోంది, ఇంటిదొంగ.

బరంపురంలో కొట్టువాడు
బల్ల మీద రెండు కరెంటు పంపులు పెట్టాడు.
ఒకటి అగ్గిపెట్టెలా నలుచదరం,
చూడ్డానికే బీదది.
రెండోది కొత్తకార్ల ట్యాంకుల్లో మునిగి ఉండేదట,
నలభై పౌండ్లు తోస్తుందట.
నలభై!
కొండెక్కేవాడికి బలం చేదా?
రెండో మాట లేకుండా లెక్కపెట్టి ఇచ్చాను.

నేనే బిగించాను. తాళం తిప్పాను.
కార్బురేటర్ నెత్తిమీంచి పొంగింది పెట్రోలు,
పాలు పొంగినట్టు,
కింద కాలుతున్న సైలెన్సర్ గొట్టం.
బీడీ వెలిగించబోయిన నా చెయ్యి
గాలిలో ఎక్కడ ఆగిందో
ఇప్పటికీ సగం అక్కడే ఉంది.

మహేంద్రతనయ ఒడ్డున దండాసి పాత్రో షెడ్డు.
జీపు వంక చూడలేదు, పంపు చూశాడు.
"ఏటి, దీనికి నీళ్లు తాగించడానికి
ఫైరింజను ఒట్టుకొచ్చినావా?"

లోపల కుంతల, అతని భార్య,
ఒళ్లో మనవరాలు, చేతిలో ఉగ్గుగిన్నె.
ఒడియా కలిసిన తెలుగులో అంది:
"నీ కార్బురేటర్ ఇదే బాబూ.
ముక్కు పెదవికి ఆన్చు. ఒంపు. ఆగు.
గుటక పడ్డాక మళ్లీ ఒంపు.
బిందెతో పోస్తే ఏటవుద్ది?"
పొలమారుతుందన్నాను.
"మరీ!"

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు.
నా ఇంజన్ని తలుచుకున్నవాడు
బరంపురంలో నా నోట్లు మరోసారి లెక్కపెట్టుకుంటున్నాడు.

దండాసి గిన్నె విప్పి సూది చూపించాడు,
బియ్యపుగింజకి పెద్దన్న.
ఫ్లోట్ తేలితే తలుపు మూస్తుంది,
దిగితే తెరుస్తుంది. అంతే దాని ఉద్యోగం.
"దీని సత్తువ మూడు పౌండ్లు.
ఆపైన తోస్తే తలుపు తన్నుకొచ్చేస్తాది."

మర్నాడు బరంపురం వెళ్లి
సిగ్గు, ఇంకో మూడొందలు అక్కడే వదిలి
ఆ బీదదాన్ని తెచ్చాను.
అదీ ఆరు తోస్తుంది.
అందుకని కార్బురేటర్ ముందు రెగ్యులేటర్,
దాని నెత్తిన చిన్న గడియారం.
పంపుని ట్యాంకు పక్కన, ట్యాంకు కంటే కిందకి,
సైలెన్సర్ సెగ తగలనిచోట బిగించాడు.
"దీనికి తొయ్యడం వొచ్చు, పీల్చడం రాదు."
ముందు ఫిల్టరు; మన ట్యాంకులో
మా నాన్న కాలం తుప్పు ఉంది.

గొట్టం ఊడదీసి సీసాలో పట్టాడు.
అరనిమిషానికి అరలీటరు.
"సాలు. జోరు వేరు, దార వేరు.
నివ్వు జోరు కొన్నావు,
బండి దార అడిగింది."

తరవాత స్క్రూడ్రైవరు పావు తిప్పుడు,
ఇంకో పావు.
నాలుగు. మూడున్నర. మూడు.
కుంతల కూడా వచ్చి నిలబడింది, పిల్ల భుజాన.
రెండున్నర దగ్గర ముల్లు ఆగింది.
పిల్ల తేన్చింది.

శుక్రవారం నాలుగో మలుపు.
జీపు చావలేదు.
అలవాటుకొద్దీ ముగ్గురు లేచి నిలబడ్డారు,
కోళ్లు కూడా మెడలెత్తాయి.
దాటిపోతుంటే సోంబారి, ముసలావిడ,
రేకు మీద దబదబా కొట్టింది, ఆపమని.
ఆ నీడలో ఆవిడ చుట్ట కాలుస్తుంది.
పన్నెండేళ్లుగా.

ఆపాను.
దూరంగా వెళ్లి కాల్చుకోమన్నాను.
ఇంజను మాత్రం ఆపలేదు,
కూచుని ముల్లు చూస్తూ ఉన్నాను.
సీటు కింద పాత గుడ్డ
ఎండి అట్టకట్టి ఉంది.
తీసి అద్దం తుడిచాను.