ఆరో గడి

రాసేటప్పుడు ఈ సిరా లేత నీలం.
గాలి తగిలే కొద్దీ నల్లబడుతుంది,
ఏళ్ళు గడిచే కొద్దీ కాగితంలోకి దిగిపోతుంది.
గ్రిమ్స్‌బీ రిజిస్ట్రార్ ఆఫీసులో
ముప్పై ఒక్క ఏళ్ళు దీంతోనే పెళ్ళిళ్ళు రాశాను.
మనుషుల సంగతి చెప్పలేను గాని
సిరా మాత్రం ఒక్కసారీ మాట తప్పలేదు.

యూనివర్సిటీ నుంచి ఒక పిల్ల వచ్చింది, టామ్సిన్.
పాత పుస్తకాలు తిరగేసి లెక్కలు కట్టుకోవాలట.
"మార్పు ఎక్కడ మొదలైందో తెలియాలి" అంది.
ఆరో గడి చూడమన్నాను.
పెళ్ళినాటి నివాసం.

అడుగున ఉన్న పుస్తకాల్లో రెండు చిరునామాలు.
అతనిది రేవు పక్క వీధి, ఆమెది రైలు గేటు అవతల,
మధ్యలో ఊరంత సిగ్గు.
నేను చేరేనాటికి ఆ సిగ్గు పలచబడింది.
తర్వాత్తర్వాత ఒకే వీధి, ఒకే నంబరు,
ఒకే చిరునామా రెండుసార్లు రాసి
చెయ్యి లాగేది శనివారాల్లో.

టామ్సిన్ దగ్గర కారణాలు చాలా ఉన్నాయి.
చట్టం తలుపు తీసింది,
జీతం కవరు మీద ఆడవాళ్ళ పేరు పడింది,
దేవుడు వెనక బెంచీకి జరిగాడు.
"విలువ తగ్గి కాదండీ, ఆశ పెరిగి విడిపోతున్నారు."
కావచ్చు.
నీళ్ళు మోయమన్నంత కాలం బిందె మోసింది.
పాట కూడా పాడమంటే?

మొన్న బిడ్డ పుట్టుక రాయించడానికి వచ్చారు ఒక జంట,
పాప పేరు ఓర్లా, పిడికిలి నోట్లో ఉంది.
పెళ్ళెప్పుడని నేను అడగలేదు, వాళ్ళే చెప్పారు.
ముందు ఇంటి అడ్వాన్సు, తర్వాత కారు,
డబ్బు మిగిలితే పెళ్ళి.
మా అమ్మ కాలంలో పెళ్ళి గడప,
దాటితేగాని ఇల్లు లేదు.
ఇప్పుడది కలశం.
అంతా కట్టాక, ఓపికుంటే, పైన పెట్టుకునేది.

మా అమ్మ ఈనిడ్.
ఆమె పెళ్ళి పుస్తకం కూడా ఇక్కడే ఉంది.
వృత్తి గడిలో నాన్నకి: ట్రాలర్ మీద డెక్ కూలీ.
అమ్మకి ఒక అడ్డగీత.
మూడు వారాలు సముద్రం, మూడు రోజులు ఇల్లు,
అలా పదహారేళ్ళ కాపురం.
లెక్క కడితే కలిసున్నది రెండేళ్ళు.
ఒక్క గొడవ లేదు, వీధంతా మెచ్చుకునేది.

ఆ తర్వాత పడవలు రేవులోనే కట్టేశారు.
నాన్న ఇంటికొచ్చాడు,
ఈసారి నాలుగో రోజు కూడా ఉన్నాడు.
అప్పటికి అమ్మ చేపల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు,
ఉదయం అయిదింటికి తన టీ తను కాచుకునే మనిషి.
ఆ వంటింట్లో రెండో కుర్చీ ఎప్పుడూ ఉండేది,
దానిలో ఎవరైనా కూర్చోవడమే కొత్త.
ఎవరి తప్పూ లేదు. తప్పు రాసే గడీ లేదు.

తర్వాత క్లెమ్ వచ్చాడు, రేడియోలు బాగుచేసేవాడు.
"సంతకం పెట్టొచ్చుగా" అన్నాను, ఆఫీసు బుద్ధి.
"ఒకసారి పెట్టి అడ్డగీత సంపాదించాను, చాలు" అంది.
ముప్పై మూడేళ్ళున్నారు.
ఏ పుస్తకంలోనూ లేరు, ఉత్తరాల డబ్బా మీద తప్ప.

క్లెమ్ పోయిన మరునాడు అమ్మ నా బల్ల ముందు కూర్చుంది.
సొంతవాళ్ళది రాయకూడదు గనక నేను లేచి,
పెన్ను బెరిల్ చేతికిచ్చాను.
సమాచారమిచ్చినవారి హోదా?
భార్య కాదు. వితంతువు కాదు. చుట్టం కాదు.
బెరిల్ వెతికి వెతికి రాసింది:
మరణ సమయంలో దగ్గరున్న మనిషి.

నాకు సిగ్గేసింది, ఆఫీసు తరఫున.
అమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.
"సరిగ్గానే రాసింది" అంది.
"దగ్గరున్నాను."

ఆ పేజీ దగ్గర టామ్సిన్ పెన్సిల్ ఆగింది.
"దీన్ని ఏ పట్టికలో వేయమంటారు?"
సిరా అప్పటికే నల్లబడింది.
నేను కెటిల్ పెట్టడానికి లేచాను.