ఎడమ తుంటి మీద పచ్చ మరక

గోలు కొట్టేవాళ్ల చొక్కాలకి చెమట తప్ప ఏముంటుంది?
నన్నడగండి, ముప్ఫై ఒక్క ఏళ్లు ఉతికినదాన్ని.
అవెలీనో కింతానల్ నిక్కరు మాత్రం
నీళ్లలో వేస్తే తొట్టి తొట్టంతా ఏరయ్యేది.
ఎడమ తుంటి మీద జానెడు పచ్చ,
ఎప్పుడూ ఎడమే.
అటు వాలి, జారి, బంతిని గీత దాటించి
లేచి తన చోటికి నడిచేవాడు,
పాలవాడు గుమ్మంలో సీసా పెట్టి పోయినట్టు.

అస్తూరియాస్‌లో వానకి సెలవుల్లేవు.
గని కూత ఆగీ ఆగకముందే
స్టాండ్స్‌లోకి నల్లటి మెడలు వచ్చి కూర్చునేవి.
వాడంటే వాళ్లకి ప్రాణం.
వాడి పనీ సొరంగంలో నిట్టాడు పనే:
పైకప్పు కూలనంతసేపూ
నిట్టాడిని ఎవరు చూస్తారు?

పద్నాలుగేళ్లలో మూడు గోల్స్ కొట్టాడు.
నాలుగోది మా వలలోనే.

మే నెల. ఒక్క పాయింటు చాలు, పై లీగులో నిలుస్తాం.
ఎనభై ఎనిమిదో నిమిషం, కార్నర్,
వాడి మోకాలికి తగిలి, తొందరేం లేకుండా,
ఇంటి దారి తెలిసిన ఆవులా
లోపలికి పోయింది బంతి.

మర్నాడు పత్రికలు వాణ్ణి ఉతికి ఆరేశాయి.
ఉతకడం గురించి వాళ్లకేం తెలుసు?
ఆ రాత్రి చొక్కా వాడే తెచ్చాడు
తడిసిన పిల్లిని పట్టుకున్నట్టు రెండు చేతుల్తో.
"ఒబ్దూలియా, దీన్ని ఉతక్కు" అన్నాడు.
సరేనన్నాను.
వాడటు వెళ్లగానే ఉతికేశాను.
సోమవారం పొద్దున తీగ మీద
నాలుగో నంబరు గాలికి ఊగుతుంటే
చూశాడు, ఏమీ అనలేదు.
పదకొండేళ్లు ఏమీ అనలేదు.

మోకాలు అరిగాక కొన్నాళ్లు టైర్లమ్మాడు,
కొన్నాళ్లు చిన్నపిల్లల జట్టుకి బూట్ల తాళ్లు కట్టాడు.
ఈలోగా గని మూతపడింది. కూత లేని ఊళ్లో
ఆట ఎన్నింటికి మొదలో కూడా ఎవరికీ పట్టలేదు.
మూడో లీగుకి జారిపోయిన మా జట్టుకి
రానన్నవాళ్లందరూ రానన్నాక
వాణ్ణి పిలిచి కోటు తొడిగారు.

కోటు!
నాకిక ఉతకడానికేముంది?
మోచేతికి సుద్ద, జేబులో నమిలిన పుల్లలు,
పదకొండు పేర్లు రాసి కొట్టేసిన కాగితం.
గీత పక్కన నిలబడి అరిచేవాడు కాదు.
బంతి తనవైపు దొర్లుకుంటూ వస్తే మాత్రం
ఎడమ భుజం అర అంగుళం కిందికి వాలేది.
అప్పుడు గుర్తొచ్చేది, ఒంటి మీద కోటుందని.
బెంచీ మీదివాళ్లు చూశారో లేదో.
మరక ఎటు పడుతుందో నా వేళ్లకి తెలుసు.

కిందటి నవంబరులో రోసెండో అనే కుర్రాడు,
పంతొమ్మిదేళ్లు, చెవులు పెద్దవి,
తలతో సొంత వలలోకే కొట్టాడు.
ఎంత చక్కటి గోలంటే
అవతలి జట్టు కాసేపు ఎగరడం మరిచింది.
చొక్కా విప్పనని గదిలో కూర్చున్నాడట.
అవెలీనో ఏం చెప్పాడో తెలీదు,
నాకు వినపడింది షవర్ చప్పుడే.

రాత్రి పది దాటాక కిందికి, నా గదికి వచ్చాడు.
"ముందు దీన్ని ఉతుకు."
ఇచ్చి వెళ్లలేదు. యంత్రం తిరిగినంతసేపూ
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని
గాజు తలుపులోంచి ఆ నంబరునే చూశాడు.
"ఆ రోజు చెప్తే వినలేదు నువ్వు"
అన్నాడు ఉన్నట్టుండి.
"వినలేదు" అన్నాను.

ఫిబ్రవరిలో తీసేశారు. వరసగా ఆరు ఓటములు,
ఎవరినైనా తీసేస్తారు.
కోటు మరిచిపోయాడో, వదిలేశాడో,
కొక్కేనికి అలాగే ఉంది.
నిన్న దుమ్ము దులుపుదామని తీస్తే
ఎడమవైపు, కింది అంచు దగ్గర,
వేలెడు పచ్చ.

ఎప్పుడు జారాడో,
ఎవరూ చూడని ఏ ప్రాక్టీసు పొద్దునో!
సబ్బు చేతిలోకి తీసుకున్నాను.
కాసేపటికి దాని చోట దాన్ని పెట్టేశాను.