పదిహేడో పొట్లం

దేవరకొండల ఎక్కిన బస్సు
డిండి ఇంకా దూరముండంగనే ఆగింది.
అడ్డంగ ఓ యాపచెట్టు,
ఏర్లు పైకి పెట్టి పండుకున్నది.
గొడ్డలి తెస్తనని ఊర్లెకు పోయినాయన
బాగోతం కాడ కూసున్నడని తర్వాత తెలిసింది.
కండక్టర్ చెన్నకేశవులు టికెట్ల మిషన్‌ను కవర్ల చుట్టి
"ఇగ పొద్దుగాలనే" అన్నడు,
నాకు కాదు, చెట్టుకు చెప్పినట్టు.

నా దగ్గర ఓ సంచి.
అండ్ల ఇరవై రెండు మట్టి పొట్లాలు.
పొట్లానికో రైతు పేరు, సర్వే నంబరు.
ఆఫీసోళ్లు చెప్పిన మాట ఒక్కటే: తడవొద్దు.
రోహిణి ఎండల ఆరబెట్టి, జల్లెడ పట్టి,
గుడ్ల గంప మోసినట్టు మోసుకొస్తున్న.

ఊరి నడుమ రెండు ట్రాక్టర్ ట్రాలీలు కలిపి కట్టిండ్రు.
పైన నీలం పట్టా.
అది కాసేపే ఉన్నది.
రెండో దరువు నడుస్తుండంగ గాలి మర్రింది.
ఎవరో "వడ్లు!" అన్నరు.
అంతే.
కూసున్నోళ్లంత లేచి, నాలుగు మూలల ముడులిప్పి,
రాజు నెత్తిమీది ఆకాశాన్ని
కొనుగోలు కేంద్రం దిక్కు గుంజుకపోయిండ్రు.

రాజు అంటే ఈదమ్మ. అరవై దాటింది.
మొకాన అర్దళం, భుజాల మీద పునికి చెక్క కీర్తులు.
ఖాళీ చాపల దిక్కు చూసుకుంటనే పద్యమెత్తింది.
మద్దెల నాని మూగబోయింది.
హార్మోనియం ఒక మెట్టు కిందికి దిగి
మళ్లీ పైకి రాలె.
ఆమె గొంతు మాత్రం
పట్టా ఉన్నప్పుడెట్లుండెనో గట్లనే ఉన్నది.

కథేమో కరువు కథ.
పన్నెండేండ్లు చుక్క రాలని రాజ్యం.
వాన తెల్లారగట్ల రావాలె, మంగళారతికి ముందు.
రాణి వేషం కట్టిన పిలగాడు
గడ్డం కొసకెల్లి నీళ్లు కారుతుండంగ
"నాథా, గొంతు తడుపుకొనేటందుకు చుక్క లేదు" అన్నడు.
వడ్లు కప్పొచ్చిన జనం
యూరియా సంచులు కొప్పెర పెట్టుకొని
పడి పడి నవ్విండ్రు.

ఈదమ్మ కర్ర తాటించింది.
"నవ్వకుండ్రి. ఇది మీ వాన, చెడగొట్టు వాన.
మా రాజ్యంల వాన ఇంకా పడలే."

ఎవలకు తమ కల్లం యాదికొచ్చిందో,
నవ్వు అక్కడక్కడ తెగిపోయింది.

కరెంటు పోయింది.
డ్రైవర్ మైబు ఎవలకూ చెప్పకుంట పోయి
బస్సును మలిపి తెచ్చిండు.
రెండు పెద్ద లైట్లు ట్రాలీ మీద పడ్డయి.
అప్పటిదాంక వీపు మీద పడ్డదే గని
వానను నేను చూడలే.
చెన్నకేశవులు "బ్యాటరీ, బ్యాటరీ" అని గొణుగుతనే
జరిగి జరిగి ముందటి చాపకు చేరిండు.

రాజు బీటలిచ్చిన చేను మన్ను
పిడికిట పట్టి ఏడ్వాల్సిన తావు వచ్చింది.
ఏడాదంత ఏడ వంగినా దొరికే వస్తువు.
ఆ రాత్రి ఊరు మొత్తంల పిడికెడు పొడిమన్ను లేదు.
పిలగాడు పొయ్యిల బూడిద తెచ్చిండు.
ఈదమ్మ దాన్ని చూసి, వాన్ని చూసి, పక్కకు పెట్టింది.

నేనెందుకు లేచిన్నో.

పదిహేడో పొట్లం. జంగిటి మాసయ్య. ఎర్ర చెల్క.
చెయ్యి చాపి ట్రాలీ మీదికిచ్చిన.

కాగితం విప్పింది.
మన్ను వేళ్ల సందుల్లకెల్లి జారింది,
లైట్ల వెలుతుర్ల ఎర్రగ, పొగ లెక్క.
నాలుగైదు చినుకుల సేపు
అది నిజంగ ఎండిన రాజ్యం.
ఆ నాలుగైదు చినుకుల్లనే ఆమె ఏడ్చింది,
రాగం లేకుండ.
తర్వాత అరచేతుల బురద.
వాసన లేచింది.
ముందు వరుసల ఓ ముసలాయన
"ఓ" అన్నడు,
ఎవలో పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు.

పొద్దుగాల చెట్టు నరికిండ్రు.
బస్సు లేవలే, చెన్నకేశవులు భయపడ్డట్టే.
ఊరు ఊరంత నూకింది.
ఎనక అద్దం మీద ఓ చెయ్యి ఆనింది.
ఇంకా సగం పసుపు పోని రాజు చెయ్యి.

ల్యాబుల సారు లెక్క పెట్టి
ఇరవై ఒకటే ఉన్నయేంది అన్నడు.
రిజిస్టర్ల "తడిసింది" అని రాసిన.
మళ్ల మాసయ్య చేన్లకు పోవాలె, మన్ను తేవాలె.
మొన్ననే తీస్కపోతివి గద అంటడు.
ఏం చెప్పాల్నో
బస్సుల కూసోని ఇంకా ఆలోచిస్తున్న.