సన్నసెగ

తుమ్మపొగ పట్టిన టర్కీకోడి తునకలు,
నిన్నటివి.
ఫ్రిజ్జులో బిగుసుకోని ఉండాయి.

"మంట పెంచుమే, ఆకలి" అంటాడు సుంకన్న,
రెండో షిఫ్టు దిగొచ్చి
రెప్పల మీద సిమెంటు పిండితో.

పెంచను.
ఎముకలు ఉడికించిన నీళ్లు గరిటెడు పోసి
మూతేసి
సన్నసెగన కూర్చోబెడతా.
తునక చీలిస్తే లోపల్నుంచి ఆవిరి రావల్ల,
ఏలు చురుక్కుమనల్ల.
పైపైన ఉడుకును నమ్మితే
కడుపు తెల్లారనీదు.

ఈ మనిషీ అంతే.
గబుక్కున అడిగితే పీచుపీచు.
ఎర్రగుంట్ల పొగగొట్టం కింద
పద్నాలుగేండ్లు పొగబెట్టిన మాంసం.

మూత కింద చెమట పట్టింది.
చొక్కా గుండీలు విప్పుతా విప్పుతా
ఈపొద్దు బెల్టు కాడ పడిపోయిన పిల్లోని సంగతి
తనే మొదలుపెట్టినాడు.

కూర ఎప్పుడో ఉడుకెక్కింది.
గరిటెడు నీళ్లు ఇంకా పోసి
కూర్చున్నా.