చేతిలో ఉండే చీటీ

మొదటి యాప్‌లో ఒక మొక్క ఉండేది.
నేను ఫోన్ ముట్టుకుంటే ఎండిపోయేది.
పద్దెనిమిది మొక్కల్ని చంపి తీసేశాను.

రెండోది పొద్దున ఐదుకే గంట కొట్టేది,
నిన్నటివి తొమ్మిది మిగిలాయని.
ఎర్రటి అంకె, పాలవాడి బాకీలా.
గుండె గొంతులోకొచ్చి కూర్చుంటే
కాఫీ దిగేది కాదు.

మూడోది మెచ్చుకునేది.
వరసగా ఇరవై రోజులు, శభాష్!
ఇరవయ్యొకటో నాడు జ్వరం.
సున్నా.
ఆ సున్నాలోకి చూస్తూ రాత్రి రెండయింది.

జూన్‌లో, చిత్తూరు అవతల
మా గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
తోతాపురి ట్రాక్టర్లు, కనుచూపు ఆనినంత దూరం.
తూకం చీటీలు రాసేది నేనే.
కుప్పకేసి చూస్తే చాలు
బండ్లన్నీ ఒక్కసారే నా మీదికొస్తున్నట్టు
చేతిలో పెన్ను వణికేది.

కాటా దగ్గర మొగిలమ్మక్క
ఆ కుప్పను టిఫిన్ డబ్బా కింద పెట్టి
ఒక్కటే లాగి పిలిచేది.
"అక్కా, ఇంకా ఎన్నుండాయి?"
"నాకేం తెలుసు పాపా,
చేతిలో ఉండేది నూట పదకొండు."

ఆ రాత్రే దొరికింది ఇప్పుడున్న యాప్.
తెల్లటి తెర, ఒక్క వరస.
గంట లేదు, లెక్క లేదు,
చెయ్యకపోతే అలగదు.
"ఇందులో ఏమీ లేదు" అని
ఎవరో ఒక్క చుక్కే ఇచ్చారు.
అది చదివే దించుకున్నాను.

గుండె ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది,
ట్రాక్టరు హారన్ కొడితే, కొట్టకపోయినా.

ఇవాళ అందులో ఉన్నది:
చెప్పు తెగింది, కుట్టించాలి.
మూడు రోజులుగా అదే ఉంది.