గల్లాపెట్టె మూశాక

"మీరెక్కడ తింటారండీ?"
చిల్లర తీసుకుంటూ అడిగాడొకాయన.
ఇక్కడే, అన్నాను.
పంతొమ్మిదేళ్ళ అబద్ధం.
సోంపు గిన్నె పక్కనే పెట్టుకుంటాను,
అడిగినవాళ్ళకి అడిగినంత.

నా హోటల్లో నేను తినలేను.
ముద్ద నోట్లో పెట్టగానే
కందిపప్పు కిలో ఎంతయిందో గుర్తొస్తుంది.
పక్క టేబులు మీద ఎవరో వదిలేసిన అప్పడం ముక్క
నావైపే చూస్తుంటుంది.
లోపల గరిటె చప్పుడు మారితే చాలు,
అడుగంటిందని తెలిసిపోతుంది.
ఇక ఆకలెక్కడిది?

తెల్లారి ఐదింటికి, మిర్చియార్డు గేటు దగ్గర,
వజ్రమ్మ గుడ్డమీద వేసిన ఇడ్లీ.
గుడ్డ నేత ఇడ్లీ వీపుమీద అచ్చుపడి ఉంటుంది.
హమాలీలకి ఆ ఘాటు గాలి కిందే లెక్క,
దగ్గేది నేనొక్కణ్ణే.
"పానకాలరావుగారికి కారప్పొడి వెయ్యబాక"
అని నవ్వుతాడు ఏసోబు,
టిక్కీ దించిన భుజంమీద
గోనెపట్టా అలాగే ఉంచుకుని.
ఆవిడ కాగితమ్మీద ఏదీ రాయదు.
వేళ్ళ కణుపులే ఖాతా.
మా కంప్యూటరు బిల్లు మొన్న కూడా తప్పింది,
ఆ కణుపులు ఇంతవరకూ తప్పలేదు.

మా ఆవిడ ఆపరేషనప్పుడు దొరికింది ఇంకో చోటు:
కొత్తపేటలో, ఆస్పత్రి మెట్ల కింద క్యాంటీను.
అక్కడికి రుచికోసం ఎవరూ రారు.
ఉప్పు తక్కువైందని ఎవరూ అరవరు.
పెరుగన్నంలో ఒక్కటే అల్లం ముక్క,
అది ఎవరి ప్లేట్లో పడితే వాళ్ళకి
ఆ రోజు రిపోర్టు మంచిగా వస్తుందని
మాచర్ల నుంచి వచ్చినాయన నమ్మేవాడు.
నాకు పడ్డ రోజు
చెంచాతో తీసి ఆయన ప్లేట్లో వేశాను.
ఆయన తినలేదు.
జేబురుమాల్లో కట్టుకుని పైకి వెళ్ళాడు.
మా ఆవిడ ఇప్పుడు బాగానే ఉంది.
నేను మాత్రం నెలకోసారి
ఆ మెట్లు దిగుతూనే ఉన్నాను.

పెళ్ళి భోజనాలు లెక్కలోకి రావు.
వంటవాళ్ళు గుర్తుపట్టి
పనసపొట్టు రెండోసారి వడ్డిస్తూ
మీ దగ్గర జీతమెంతండీ అని చెవిలో అడుగుతారు.

చివరిది చెప్పాలా, వద్దా.

మూడొంతెనలు దాటాక, ఎడంవైపు, సుభానీ బండి.
పదకొండేళ్ళు నా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి.
రెండువేల దగ్గర మాటామాటా పెరిగింది.
నేను అనకూడనిది ఒకటి అన్నాను.
తను ఏమీ అనలేదు.
ఏప్రను విప్పి, నాలుగు మడతలు పెట్టి,
గల్లామీద ఉంచి వెళ్ళాడు.
విసిరేసి ఉంటే బాగుండేది.

మా మెనూలో దాల్చా ఇప్పటికీ ఉంది.
దాల్చాలోనే ఏమీ లేదు.

రాత్రి పదకొండు దాటాక
మా క్లీనరు బాజీని పంపుతాను పార్శిలుకి.
ఎవరికని అడిగితే చుట్టాలొచ్చారని చెప్పరా అంటాను.
మూసిన జిరాక్స్ షాపు నీడలో,
హెల్మెట్ తియ్యకుండా,
స్కూటరు లైటార్పి నిలబడతాను.
బగారా అన్నం, దాల్చా.
సొరకాయ ముక్క నాలికమీద కరిగేటప్పటికి
నేను ఎవరికీ ఓనర్ని కాను.

మొదటి రాత్రే పొట్లంలో ఇంకోటి కనబడింది.
చిన్న కవరులో మజ్జిగ, చిక్కగా,
రబ్బరుబ్యాండు రెండు చుట్లు.
నేను అడగలేదు. బాజీ అడగలేదు.
నా కడుపులో పుండు సంగతి
డాక్టరుకీ మా ఆవిడకీ తెలుసు,
ఇంకా
పదకొండేళ్ళు నాకోసం కారం వెయ్యని గిన్నె
విడిగా దించినవాడికి.

"డబ్బులు తీసుకున్నాడా?"
"తీసుకున్నాడు సార్. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు."
అట్లాగే ఉండాలి.

రబ్బరుబ్యాండు మణికట్టుకి వేసుకుని ఇంటికి పోతాను.
పొద్దున వందకాగితాల కట్టకి చుడతాను.
ఇప్పటికి ఇరవై పైనే అయ్యాయి,
ఒక్కటీ ఇంకా తెగలేదు.