నాలుగో దీపం కింద

ఈ యేడు ఉసిళ్ళు టోలుగేటుకు వచ్చినాయి.
ఏర్పేడు దాటినాక, పెద్ద రోడ్డు మీద,
నాలుగు ఎత్తు స్తంభాల దీపాల కింద
వానకు వాన అడ్డం పడినట్టు.

పుట్ట దగ్గరికి రాలేదు.
మా అవ్వ, ఎకిరి పోలక్క,
మూడు సాయంత్రాలు పుట్టకు చెవి ఆనించి కూచుంది.
"లోపల సద్దు ఉండాది మేయ్,
రెక్కలు విదిలిస్తా ఉండాయి."
కన్నాలన్నీ బంకమన్నుతో మూసి ఒక్కటి వదిలింది.
గుంత తీసింది, వెంపలి కొమ్మలు కప్పింది,
ఆముదం దీపం పెట్టింది.
అవి మా దీపం మీదుగానే ఎగిరిపోయినాయి
పాత చుట్టాన్ని చూసీ చూడనట్టు.

వానా అంతే.
ఒకటి మాఘంలో దారి తప్పి వచ్చి
మామిడి పూతంతా రాల్చిపోయింది.
చిత్త కార్తెలో, నెల పొడుగునా కురవాల్సింది
ఒక్క రాత్రిలో కుమ్మరించి
స్వర్ణముఖిని తెచ్చి మా గుడిసెల్లో పడుకోబెట్టింది.
ఫోనుకు ముందే మెసేజీ వచ్చిందంట, ఎర్ర హెచ్చరిక.
ఫోనున్నోడు ఇటుక బట్టీలో ఉన్నాడు.
మాకు చెప్పింది చీమలు,
గుడ్లు నోట కరుచుకొని గోడెక్కిన చీమలు.
వాటి వెనకే మేమూ
పిల్లోళ్ళను చంకనేసుకొని రైలుకట్ట ఎక్కినాము.

ఎలకలు పట్టిన మడికయ్యలు ఇప్పుడు ప్లాట్లు.
రాళ్ళకు పసుపు రంగు, రంగు మీద నంబర్లు.
చెంగయ్య మామ గడ్డపార పునాదులు తవ్వతా ఉంది.
ఆ ఇండ్లలోకి నాగుబాము దూరిన పూట మాత్రం
"అన్నా, ఎక్కడున్నావన్నా" అని ఫోను.

రేషన్ మిషను అవ్వ వేలిని గుర్తుపట్టదు.
డెబ్బై ఏండ్లు మన్ను తవ్విన వేలు,
గీతలన్నీ మన్నే ఉంచుకుంది.
"కన్ను పెట్టవ్వా" అంటాడు డీలరు.
పెడుతుంది. బియ్యం వస్తాయి.
దోవ పొడుగునా నవ్వుతుంది:
"పుట్ట లోపలికి చూసిన కన్నే ఇది,
దీంట్లో ఏం కనపడిందో ఆ పెట్టెకు!"

టోలుగేటులో ఊడ్చేది నేనే.
రాత్రి డ్యూటీ, పచ్చ కోటు.
ఉసిళ్ళు దిగిన రాత్రి కబురు పెట్టింది కూడా నేనే.
అవ్వ షేర్ ఆటోలో వచ్చింది,
రెండు చేటలు, ఒక పాత పంచె, ఇద్దరు పిల్లోళ్ళు.
సూపర్‌వైజరు దొరైరాజు అరిచినాడు:
"ఇది టోలుగేటా, వారసంతా?"
లారీ డ్రైవరొకడు అద్దం దించి
"ఏందవ్వా అవి?" అన్నాడు.
"బొరుగుల్లోకి" అంది అవ్వ, తల ఎత్తకుండా.
దొరైరాజు కాసేపు చూసి, గొంతు తగ్గించి,
"ఆ కెమెరాకు కనపడకుండా ఏరుకోండి" అన్నాడు.

మూడు దీపాల కింద ఎత్తినాము.
పంచె మూట బరువుగా, వెచ్చగా, కదలతా ఉంది.
నాలుగో దాని కిందికి చీపురు తీసుకుపోతే
అవ్వ నా కోటు పట్టి లాగింది.
"అది వాటికి వదిలెయ్."
"ఇది పుట్ట కాదు కదవ్వా, కరెంటు స్తంభం."
"ఆ సంగతి ఉసిళ్ళకు తెలీదు గదా."

అప్పుడు చూసినాను.
మిగతా మూడింటి కింద అంతా తారు, సిమెంటు.
రెక్కలు రాల్చుకున్నవి జతలు జతలుగా
మన్ను వెతుక్కుంటా టైర్ల కిందికి పోతా ఉండాయి.
ఈ ఒక్కదాని కిందే
డివైడర్లో గన్నేరు మొక్కలు, వాటి మొదట్లో
చారెడు ఎర్రమన్ను.
అవ్వ వచ్చీ రాంగానే చూసినట్టుంది.

తెల్లారి దొరైరాజు అడిగినాడు,
నాలుగో లైను ఎందుకు ఊడ్చలేదని.
"తడి ఆరలేదు సార్" అన్నాను.
వెనక బండ్లు హారన్లు కొడతా ఉండాయి.
గన్నేరు మొదట్లో, రెక్కల్లేని రెండు,
ఒకదాని వెనక ఒకటి,
లోపలికి దిగతా ఉండాయి.